ఇంటర్ అయిపోయింది, టీచర్ కావాలి: డీఎడ్‌లో చేరాలా, డిగ్రీ చేసి బీఎడ్‌కి వెళ్లాలా?

బలపం:

అందరికీ నమస్కారం. ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తయింది. టీచర్ కావాలని ఎనిమిదో తరగతి నుంచే ఉంది, అందులో నాకు సందేహం లేదు. ఏ దారిన వెళ్లాలన్నదే తేలడం లేదు. నాన్న "డిగ్రీ చెయ్యి, తర్వాత బీఎడ్ చెయ్యి, హైస్కూల్ టీచర్‌వి అవుతావు" అంటున్నారు. మా పిన్ని డీఎడ్ చేసి ఏళ్ల తరబడి డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష కోసం ఎదురుచూసింది. అందుకే డీఎడ్ మాటెత్తితే ఇంట్లో అందరికీ భయం.

నాకేమో చిన్నపిల్లలకు చెప్పడమే ఇష్టం. సెలవుల్లో రెండో తరగతి చదివే మా పెద్దమ్మ మనవడికి చదవడం నేర్పించాను. వాడు "ప, ల, క" అని మూడక్షరాలూ తప్పులేకుండా చదివి, చివర్లో "బలపం" అనేవాడు. బొమ్మలో పలక మీద బలపం ఉంది, దాన్ని చూసి చెప్పేస్తున్నాడని రెండు రోజులకు గానీ నాకు అర్థం కాలేదు. బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టి చదివించాను. నాలుగో రోజు "పలక" అన్నాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంటర్ మార్కులు చూసినప్పుడు కూడా కలగలేదు.

బీఎడ్ చేస్తే చిన్న తరగతులకూ, పెద్ద తరగతులకూ చెప్పొచ్చని నాన్న అంటున్నారు. నిజమేనా? డీఎడ్ చేసి ఉద్యోగం రాకపోతే చేతిలో డిగ్రీ కూడా ఉండదు కదా, అప్పుడెలా? తెలిసినవాళ్లు చెప్పండి.


మూడోగంట:

అమ్మా, నాన్నగారు చెప్పింది ఒకప్పుడు నిజం. ఇప్పుడు కాదు.

టీచర్ చదువులకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2018 జూన్ 28న ఒక నోటిఫికేషన్ ఇచ్చి, బీఎడ్ వాళ్లు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకు పనికొస్తారని చెప్పింది. ఉద్యోగం వచ్చాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలని షరతు పెట్టింది. దాన్ని రాజస్థాన్ హైకోర్టు కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. చిన్నపిల్లలకు చదువు చెప్పే శిక్షణ బీఎడ్‌లో ఉండదు, అది డీఎడ్‌లోనే ఉంటుంది, నాణ్యమైన ప్రాథమిక విద్య పిల్లల హక్కు కాబట్టి ఇందులో రాజీ కుదరదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తేదీకి ముందే చేరినవాళ్ల ఉద్యోగాలు పోవని 2024 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఆ దారి లేదు.

అందుకని ఇప్పటి లెక్క ఇది. ఒకటి నుంచి ఐదు చెప్పాలంటే ఇంటర్, రెండేళ్ల డీఎడ్, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ 1. డీఎస్సీలో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు. ఆరు నుంచి పది చెప్పాలంటే డిగ్రీ, రెండేళ్ల బీఎడ్, టెట్ పేపర్ 2. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు. డీఎడ్‌కి డీసెట్ రాయాలి, బీఎడ్‌కి ఎడ్‌సెట్ రాయాలి. ఇంట్లో పెద్దవాళ్లు టీటీసీ అనేది ఈ డీఎడ్‌నే. ఇప్పుడు కాగితాల మీద డీఎల్‌ఎడ్ అని ఉంటుంది.


పదిహేడేళ్ల ఎస్‌జీటీ:

బలపం చెల్లీ, నువ్వు రాసిన పలక సంగతి రెండుసార్లు చదివాను. బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టాలని నీకు ఎవరూ చెప్పలేదు కదా. తప్పు ఎక్కడినుంచి వస్తోందో వెతకాలన్న బుద్ధి నీకు ముందే ఉంది. డీఎడ్‌లో రెండేళ్లూ నేర్పాల్సింది అదే.

చిన్న తరగతులకు ఎవరైనా చెప్పేస్తారు అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి రాస్తాను. మూడో తరగతిలో ఒక అమ్మాయి మూడు వందల ఐదు రాయమంటే 3005 అని రాసేది. నాలుగు వందల పన్నెండు అంటే 40012. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి తప్పు కనిపిస్తే కొట్టేసి, పక్కన 305 అని రాసి, పదిసార్లు రాయించేవాణ్ని. పది సార్లూ సరిగ్గానే రాసేవాళ్లు. మర్నాడు ఆరు వందల రెండు అంటే మళ్లీ 6002.

పాప తెలియక రాయడం లేదు. తను విన్నది విన్నట్టే రాస్తోంది. మూడు వందలు అంటే 300, దాని పక్కన ఐదు. అంకె ఎక్కడుంటే అక్కడి విలువ వస్తుందన్న సంగతి ఇంకా పట్టుబడలేదు, అంతే. ఈసారి పుల్లలు తెచ్చాను. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు, అలాంటి పది కట్టలు కలిపితే ఒక మోపు. నేల మీద సుద్దతో మూడు గళ్లు గీశాను. మూడు మోపులు మొదటి గడిలో పెట్టింది, ఐదు విడి పుల్లలు చివరి గడిలో పెట్టింది. మధ్య గడి ఖాళీగా ఉంది. "ఇక్కడేం లేవు సార్" అంది. "ఏం లేవని ఎలా రాస్తాం?" అన్నాను. కాసేపు గడినే చూసి, సున్నా పెట్టింది. తర్వాత తన నోట్‌బుక్ తీసి పాత 3005 తనే కొట్టేసింది.

దీనికి పట్టింది ఒక పీరియడ్. కానీ ఆ ఒక్క పీరియడ్‌లో ఏం చేయాలో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను డీఎడ్ చదివిన రోజుల్లో దీన్ని మాచేత సరిగ్గా చేయించి ఉంటే, మొదట్లో నా దగ్గర చదివిన పిల్లలు అంత నష్టపోయేవాళ్లు కాదు. అందుకే ఎక్కడ చేరినా, రోజూ తరగతికి వెళ్లే కాలేజీలో చేరు. ప్రభుత్వ డైట్‌లో, అంటే జిల్లాలో ఉండే సర్కారు డీఎడ్ కాలేజీలో సీటు వచ్చేలా ర్యాంకు తెచ్చుకో. చాలా డైట్‌లకు దగ్గర్లోనే బడులుంటాయి, చెప్పింది చెప్పినట్టు వెళ్లి చేసి చూడొచ్చు.


ఎదురుచూపు:

చెల్లికి ఆశ పెట్టేముందు రెండో పక్క కూడా చెప్పాలి. నేను డీఎడ్ పూర్తి చేసింది 2018లో. ఆ ఏడాది ఆంధ్రాలో డీఎస్సీ పడింది, నాకు రాలేదు. మళ్లీ వచ్చేసరికి 2025. తెలంగాణలోనూ అంతే, 2017 టీఆర్‌టీ (అప్పట్లో డీఎస్సీని అలా పిలిచారు) తర్వాత 2024 డీఎస్సీనే. ఏడేళ్లంటే మాటలు కాదు. "ఈ సంక్రాంతికి వస్తుందట, ఎన్నికల ముందు వస్తుందట" అనుకుంటూ కోచింగ్‌కి వెళ్లడం, మానేయడం, ప్రైవేటు స్కూల్లో చేరడం, నోటిఫికేషన్ మాట వినగానే మళ్లీ మానేయడం. మధ్యలో ఇంట్లోవాళ్ల మొహం చూడలేక పడ్డ టెన్షన్ ఉంటుంది చూడండి, అది పడ్డవాళ్లకే తెలుస్తుంది.

డీఎడ్ వద్దని చెప్పడం లేదు. అది ఒక్కటే పెట్టుకుని కూర్చోవద్దు అంటున్నాను. నేను చేసిన తప్పు అదే. డీఎడ్ అవ్వగానే డిగ్రీలో చేరి ఉంటే ఆ ఏడేళ్లలో డిగ్రీ, బీఎడ్ రెండూ అయ్యేవి.


మూడోగంట:

ఎదురుచూపు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక చిన్న సంగతి కలుపుతాను. డీఎడ్ చేసినవాళ్లకు బీఎడ్ దూరవిద్యలో చేసే వీలుంది. దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయం బీఎడ్‌లో సీటు అందరికీ ఇవ్వరు. ఉద్యోగంలో ఉన్న శిక్షణ పొందిన టీచర్లకు గానీ, డీఎడ్ లాంటి గుర్తింపు ఉన్న శిక్షణను రెగ్యులర్‌గా పూర్తి చేసినవాళ్లకు గానీ ఇస్తారు. అంటే డీఎడ్, తర్వాత డిగ్రీ, తర్వాత ఏదైనా బడిలో చెప్పుకుంటూనే బీఎడ్. ఎస్‌జీటీగా చేరినవాళ్లు స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కి వెళ్లేది ఈ దారినే.


బోర్డుముందు:

నేను గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. డిగ్రీ, బీఎడ్ దారిలో వచ్చాను. ఈ చర్చలో మా పక్క మాట ఎవరూ చెప్పడం లేదు కాబట్టి రాస్తున్నాను.

పోస్టుల లెక్క చూద్దాం. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో ఎస్‌జీటీ 6,508, స్కూల్ అసిస్టెంట్ 2,629. ఏపీ 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347, అందులో ఎస్‌జీటీల కంటే స్కూల్ అసిస్టెంట్ పోస్టులే ఎక్కువ. ఒక రాష్ట్రంలో ఎస్‌జీటీలు ఎక్కువ, ఇంకోచోట స్కూల్ అసిస్టెంట్లు ఎక్కువ. పైగా స్కూల్ అసిస్టెంట్ పోస్టులు సబ్జెక్టుల వారీగా విడిపోతాయి, పెద్ద వాటా ప్రమోషన్లతో నిండుతుంది. ఎస్‌జీటీ పోస్టులు మాత్రం ఒకే గంపలో ఉంటాయి. వచ్చే నోటిఫికేషన్‌లో ఏది ఎక్కువ ఉంటుందో ఎవరూ చెప్పలేరు. పోస్టుల సంఖ్య చూసి దారి ఎంచుకుంటే ప్రతి నోటిఫికేషన్‌కీ మనసు మార్చుకోవాల్సి వస్తుంది.

బలపం, నిన్ను ఒకటే అడుగుతాను. నీకు నచ్చింది జీవశాస్త్రమా, పిల్లలా? ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి పత్రరంధ్రాలు చూపించాలని ఉంటే నీ చోటు హైస్కూల్. అప్పుడు డిగ్రీలో తీసుకునే సబ్జెక్టుల విషయంలో జాగ్రత్త, బీఎడ్‌లో మెథడాలజీ, అంటే ఏ సబ్జెక్టు బోధన నేర్చుకుంటావన్నది, వాటిని బట్టే ఇస్తారు. "ఏదో ఒక డిగ్రీ చేసేద్దాం, బీఎడ్ అప్పుడు చూద్దాం" అనుకున్నవాళ్లు ఎడ్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఇరుక్కోవడం చాలాసార్లు చూశాను. డిగ్రీలో 50 శాతం ఉండాలన్నది కూడా గుర్తుపెట్టుకో. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది.


కీబోర్డ్ వదిలి:

ఈ దారంలోనే నా ప్రశ్న కూడా అడగొచ్చా? వయసు 31. బీటెక్ చేసి ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. రెండేళ్లుగా ఆదివారాలు ఒక అనాథాశ్రమంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. వారం మొత్తంలో నేను ఎదురుచూసేది ఆ రెండు గంటల కోసమే. ఉద్యోగం మానేసి బీఎడ్ చేయాలనుకుంటున్నాను. బీటెక్‌తో బీఎడ్ సీటు ఇస్తారా? వయసు దాటిపోయిందా?


బోర్డుముందు:

తమ్ముడూ, బీటెక్ వాళ్లకు బీఎడ్ అర్హత ఉంది. ఎన్‌సీటీఈ నిబంధన ప్రకారం ఇంజినీరింగ్‌లో 55 శాతం ఉండాలి. వయసు గురించి దిగులు వద్దు. 2024 తెలంగాణ డీఎస్సీలో గరిష్ఠ వయసు 46, 2025 ఏపీ డీఎస్సీలో 44. రిజర్వేషన్ ఉంటే ఇంకా పెరుగుతుంది.

కానీ ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం పిల్లలు అడగకముందే నువ్వే అడుగు, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది అని. నా మొదటి ఏడాదిలో ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. "అది రూలు, గుర్తుపెట్టుకో" అన్నాను. వాడు కూర్చున్నాడు, ఇంకెప్పుడూ ఏదీ అడగలేదు. ఆ మౌనం నన్ను చాలా కాలం వెంటాడింది.

తర్వాత తెలుసుకున్నాను. బోర్డు మీద మూడు ఇంటూ మైనస్ రెండు మైనస్ ఆరు, రెండు ఇంటూ మైనస్ రెండు మైనస్ నాలుగు, ఒకటి ఇంటూ మైనస్ రెండు మైనస్ రెండు, సున్నా ఇంటూ మైనస్ రెండు సున్నా అని కిందికి రాసుకుంటూ పోవాలి. జవాబు ప్రతిసారీ రెండు పెరుగుతోందని పిల్లలే చెప్తారు. తర్వాతి వరుసలో మైనస్ ఒకటి రాసి ఆగితే చాలు, ప్లస్ రెండు అని తరగతే అంటుంది. లెక్క రావడం వేరు, లెక్కను పిల్లవాడి వైపునుంచి చూడటం వేరు. నీకు మొదటిది ఉంది. రెండోదాని కోసమే బీఎడ్.


కీబోర్డ్ వదిలి:

ధన్యవాదాలు అన్నా. నిజం చెప్తున్నాను, నేనూ "రూలు" అనే చెప్పాను వాళ్లకు.


బీఎడ్ రెండో ఏడు:

ప్రస్తుతం బీఎడ్ చదువుతున్నాను కాబట్టి కాలేజీ ఎంచుకునే సంగతి చెప్తాను. అన్నిటికంటే ముఖ్యమైన ఈ మాట అడ్మిషన్ రోజున ఎవరూ చెప్పరు.

నేను మొదట సీటు వచ్చిన కాలేజీకి వెళ్తే, ఆఫీసులో మొదటి ప్రశ్న "అటెండింగా, నాన్ అటెండింగా?" అర్థం కాక అడిగితే, రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, రికార్డులు రాయించి పెట్టేస్తాం అన్నారు. తరగతి గదుల్లోకి తొంగిచూస్తే బెంచీల మీద దుమ్ము. ఏ గదిలోనూ బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. రెండో కౌన్సెలింగ్‌లో వేరే కాలేజీకి మారాను. ఇంటికి దూరం, బస్సులో రానూపోనూ మూడు గంటలు. అయినా మారినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

బీఎడ్ 2015 నుంచి రెండేళ్లయింది, అంతకుముందు ఒక్క ఏడాదే. పెంచింది ముఖ్యంగా బడిలో గడిపే కాలం కోసం. మొత్తం 20 వారాలు బడిలో ఉండాలి, మొదటి ఏడు 4 వారాలు, రెండో ఏడు 16. నాన్ అటెండింగ్ అంటే మనం వదులుకునేది ఆ 20 వారాలు.

ఇంటర్న్‌షిప్‌లో నా మొదటి పాఠం తొమ్మిదో తరగతికి, కణజాలాలు. 45 నిమిషాలకు పీరియడ్ ప్లాన్ రాసుకున్నాను, చార్టు వేశాను. పదిహేడు నిమిషాల్లో అంతా అయిపోయింది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, గంట కొట్టడానికి ఇంకా బోలెడు సమయం ఉంది, నలభై మంది నన్నే చూస్తున్నారు. వెనక కూర్చున్న గైడ్ టీచర్ ఏమీ అనలేదు. పీరియడ్ అయ్యాక ఒక్క మాటే అన్నారు: "నువ్వు ప్రశ్న అడిగి నువ్వే జవాబు చెప్పావమ్మా, పిల్లలకు ఊపిరి తీసుకునే టైమివ్వలేదు." మర్నాడు ప్రశ్న అడిగి, మనసులో పది లెక్కపెట్టాను. ఆరు లెక్కపెట్టేసరికి మూడో బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. ఇది ఏ రికార్డులోనూ రాయించి తెచ్చుకునేది కాదు.


లక్ష్యం డీఎస్సీ:

అందరూ అటెండ్ అవమనే అంటున్నారు. నిజం మాట్లాడుకుందాం. డీఎస్సీలో రాత పరీక్షకు 80, టెట్‌కి 20 వెయిటేజీ. పాఠం ఎలా చెప్తావో చూసే మార్కు ఒక్కటి కూడా లేదు. రెండేళ్లు కాలేజీకి తిరిగేవాడికంటే ఆ రెండేళ్లు గదిలో కూర్చుని చదివినవాడికే ఉద్యోగం వస్తుంది. ఇంటి పరిస్థితి బాగోలేక పగలు పనిచేసుకుంటూ చదివేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నాన్ అటెండింగ్ తప్ప దారేముంది?


పదిహేడేళ్ల ఎస్‌జీటీ:

తమ్ముడూ, పనిచేసుకుంటూ చదివేవాళ్ల కష్టం నాకు తెలుసు, వాళ్లను ఒక్క మాట కూడా అనను. పరీక్షలో పాఠం చెప్పే మార్కు లేదన్నది కూడా నిజమే, అది ఉండాలని మేం ఎప్పటినుంచో కోరుతున్నాం. కానీ టెట్ పేపర్ తీసి చూడు. 150 మార్కుల్లో 30 శిశు వికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం). మిగతా సబ్జెక్టుల్లోనూ బోధన పద్ధతుల ప్రశ్నలుంటాయి. "ఒక పిల్లవాడు ఇలా తప్పు చేశాడు, నువ్వేం చేస్తావు" అన్న ప్రశ్నకు బడిలో గడిపినవాడు చూసింది గుర్తుతెచ్చుకుని రాస్తాడు, గదిలో కూర్చున్నవాడు నాలుగు ఆప్షన్లలో ఊహించి పెడతాడు.

నా సంగతే చెప్తాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు టెట్టే లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ ఏడాది ఆగస్టులో ఎన్‌సీటీఈ టెట్ తప్పనిసరి చేసింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, సర్వీసులో ఉన్నవాళ్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాలని చెప్పింది. రిటైర్మెంట్‌కి ఐదేళ్లలోపు ఉన్నవాళ్లకే మినహాయింపు, వాళ్లకైనా ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాలి. కాబట్టి ఇన్నేళ్ల తర్వాత నేనూ రాత్రిపూట పుస్తకం పట్టుకుంటున్నాను. పెడగాజీ భాగం మాత్రం విడిగా చదవాల్సిన పని పడటం లేదు. పిల్లలు నాకు ముందే నేర్పేశారు.


లక్ష్యం డీఎస్సీ:

అన్నా, మీ మాట కాదనను. నేను చేరేటప్పుడు ఇలా చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఈ ఏడాది ఇంటర్న్‌షిప్‌కి మాత్రం వెళ్తాను.


నాలుగేళ్ల దారి:

బైపీసీ చెల్లికి ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పలేదు. ఐటెప్ అనే ఇంటిగ్రేటెడ్ కోర్సు. ఇంటర్ తర్వాత నాలుగేళ్లు, డిగ్రీ, బీఎడ్ కలిసే వస్తాయి. విడివిడిగా అయితే ఐదేళ్లు పడుతుంది కదా, ఒక ఏడాది కలిసొస్తుంది. 2021 అక్టోబరులో నోటిఫై చేశారు, 2023-24 నుంచి మొదలైంది. ప్రవేశానికి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ రాయాలి. వరంగల్ నిట్‌లో బీఎస్సీ బీఎడ్ ఉంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో అయితే ఇలాంటి నాలుగేళ్ల కోర్సు దశాబ్దాల నుంచే నడుస్తోంది. టీచర్‌కి కనీస అర్హత 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్ కావాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది.

పైగా ఇందులో ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని దశలున్నాయి, ఎవరికి ఏ వయసు పిల్లలు ఇష్టమో ఆ దశ మీద శిక్షణ. సీట్లు మాత్రం తక్కువ, పోటీ ఎక్కువ. చేరేముందు ఆ కాలేజీలో నీకు కావలసిన దశ నడుస్తోందో లేదో కనుక్కో. మీ రాష్ట్ర డీఎస్సీ నోటిఫికేషన్‌లో అర్హతల పేరా కూడా ఒకసారి చదివి నిర్ణయించుకో.


చేతిభాష:

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచర్‌ని. దయచేసి ఈ దారిని కూడా గుర్తుంచుకోండి. స్పెషల్ డీఎడ్, స్పెషల్ బీఎడ్ అని వేరుగా ఉంటాయి, వాటికి భారత పునరావాస మండలి గుర్తింపు, చదువు పూర్తయ్యాక అక్కడ రిజిస్ట్రేషన్ ఉండాలి. మామూలు డీఎడ్, బీఎడ్ ఇందుకు సరిపోవు. 2024 తెలంగాణ డీఎస్సీలో ఈ పోస్టులు స్కూల్ అసిస్టెంట్ 220, ఎస్‌జీటీ 796 వేశారు.

నా దగ్గర వినికిడి లేని ఒక బాబు ఉన్నాడు. మూడేళ్లు మామూలు బడిలో చివరి బెంచీలో కూర్చున్నాడు, మొద్దు అన్నారు. చేతి సైగలతో మొదటి వారంలోనే ఇరవై వస్తువుల పేర్లు పట్టేశాడు. వాడికి లేనిది తెలివి కాదు, వాడితో మాట్లాడటం తెలిసిన మనిషి. ఇంకా ఎందరో ఇలా ఉన్నారు. రండి.


ఎదురుచూపు:

చేతిభాష గారూ, ఇంత కాలంలో నాకు ఈ మాట చెప్పినవాళ్లు మీరే. విడిగా మెసేజ్ పెడతాను.


బలపం:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే మీ మాటలు చదివాక ఊరికే కూర్చోలేదు. నేను చదివిన హైస్కూల్‌కీ, పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలకూ వెళ్లి, హెడ్మాస్టర్లను అడిగి తరగతుల్లో వెనక కూర్చున్నాను. హైస్కూల్లో రెండు రోజులు, చిన్న బడిలో నాలుగు రోజులు.

హైస్కూల్లో మా బయాలజీ మేడమ్ పాఠం ఎప్పటిలాగే బాగుంది, కానీ వింటున్నంతసేపూ నేను విద్యార్థిలాగే విన్నాను. చిన్న బడిలో అలా కాదు. ఒకే గదిలో ఒకటి, రెండు తరగతులు కలిపి కూర్చోబెట్టారు, బడి మొత్తానికి ఇద్దరే టీచర్లు. మేడమ్ ఒకటో తరగతి వైపు తిరిగితే రెండో తరగతి వాళ్లు అల్లరి. అంత గోలలో ఒక పాప ఎడమచేత్తో రాస్తూ, తను రాసిన అక్షరం మీద తన చెయ్యే అడ్డం పడి చెరిగిపోతుంటే మళ్లీ మళ్లీ దిద్దుతోంది. పలకను కొంచెం పక్కకు వాలుగా తిప్పాను. చెరగడం ఆగింది. పాప నావైపు చూడలేదు కూడా, రాసుకుంటూ పోయింది. ఇంటికొచ్చేదాకా నాకు ఆ పలకే కళ్లముందు ఉంది.

బోర్డుముందు సార్ అడిగిన ప్రశ్నకు నా జవాబు పిల్లలు. నాన్నకు సుప్రీంకోర్టు తీర్పు సంగతి, డీఎడ్ తర్వాత డిగ్రీ, బీఎడ్ చేసుకోవచ్చన్న సంగతి కాగితం మీద రాసి చూపించాను. పిన్ని కూడా పక్కన కూర్చుని చదివింది. "నాకప్పుడు ఈ కాగితం ఎవరూ రాసివ్వలేదే" అంది. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ డీసెట్ అప్లికేషన్‌కి నా ఫోటో మాత్రం తనే తీయించారు. డీఎడ్ అవ్వగానే డిగ్రీలో చేరతానని మాటిచ్చాను.

ఒక్క చివరి సందేహం. డీసెట్‌కి ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? ఇంటర్ పుస్తకాలు కూడా చదవాలా?


మూడోగంట:

ఇంటర్ పాఠాలు కావాలా వద్దా అన్నది మీ రాష్ట్ర డీసెట్ సిలబస్‌లో చూసుకో అమ్మా. ముందు మాత్రం ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తెచ్చుకో. బైపీసీ కాబట్టి లెక్కలు రెండేళ్లుగా ముట్టి ఉండవు, వాటితోనే మొదలుపెట్టు. సోషల్ కూడా అంతే. సైన్స్ చివర్లో చూసుకున్నా నీకు సరిపోతుంది.


పదిహేడేళ్ల ఎస్‌జీటీ:

లెక్కల్లో ఎక్కడ ఆగినా ఇక్కడే రాయి చెల్లీ, సాయంత్రం ఏడు తర్వాత చూస్తాను. ఆ ఎడమచేతి పాప టీచర్‌తో పలక సంగతి చెప్పావా? చెప్పకపోతే రేపే వెళ్లి చెప్పు.


బలపం:

చెప్పలేదు సార్. రేపు పొద్దున్నే వెళ్తాను.